చెవిలో పువ్వు కాదు, మొగ్గ!

"అమ్మకి మనమీద ఏదో కోపంరా. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి, 'సరేనమ్మా, ఉంటాను' అని పెట్టేస్తోంది" అని రెండేళ్ళుగా విశాఖపట్నం నుంచి మా అక్క ఒకటే గొడవ. మా ఆవిడది ఇంకో అనుమానం. "వీడియోలో నేనేదైనా అడిగితే అత్తయ్యగారు నవ్వి ఊరుకుంటున్నారు. మనసులో ఏదో పెట్టుకున్నారు" అని. నేను మాత్రం, డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి కదా, ఓపిక తగ్గి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. ముగ్గురమూ పొరబడ్డామని 2025 జూలైలో యానాం వెళ్ళాక గాని తెలియలేదు.

యానాం పేరు వినని మన పిల్లల కోసం ఒక్క మాట. కాకినాడకి దగ్గర్లో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. అంటే, న్యూజెర్సీలో ఉన్న మనలాగే అదీ తెలుగు రాష్ట్రాలకు బయట ఉండిపోయిన తెలుగు ఊరే! మా అమ్మ అక్కడ మా తమ్ముడి దగ్గర ఉంటోంది.

వెళ్ళిన మర్నాడు సాయంత్రం మా మరదలు చెప్పింది: "అత్తయ్యగారూ, రాత్రికి గుళ్ళో సీతా కల్యాణం హరికథ ఉందటండీ. వెళదామా?"

అమ్మ గతుక్కుమంది. "గుళ్ళో పీతలేవిటే? అపచారం!"

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. అమ్మ కూడా నవ్వింది గాని, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. హరికథకి రాలేదు. "ఏడాది నుంచీ రావట్లేదు బావగారూ. కాళ్ళనెప్పులంటారు" అంది మరదలు. ఆ కాళ్ళతోనే పొద్దున్న పెరడంతా చిమ్మింది మా అమ్మ!

రెండోరోజు ఇంకో సంగతి చూశాను. జూలై, ఆగస్టుల్లో గోదాట్లోకి ఎర్రనీరు వస్తుంది. దానికి ఎదురీదుతూ సముద్రంలోంచి పులస వస్తుంది. పుస్తెలమ్మయినా పులస తినాలని మా వైపు సామెత. మా అమ్మ పులస బేరం చేస్తుంటే చూడ్డానికి చిన్నప్పుడు వీధిలో పిల్లలం మూగేవాళ్ళం. అలాంటి మనిషి ఈసారి గుమ్మంలో నుంచుంది. చేపలావిడ ధర చెప్పింది. అమ్మ ఆవిడ నోటివైపు చూసింది. మరోసారి చెప్పించుకుంది. తరవాత, "ఒరేయ్, నువ్వు చూడు" అని మా తమ్ముడికి అప్పగించి లోపలికి వచ్చేసింది.

అప్పుడు వెలిగింది నాకు. అమ్మకి కోపమూ లేదు, కాళ్ళనెప్పులూ లేవు. మాట వినబడ్డం లేదు.

"వినబడుతోంది, తెలియట్లేదు"

అడిగితే మొదట ఒప్పుకోలేదు. "నాకేం చెవుడా? గుడి గంట వినబడుతుంది, కుక్కర్ కూత వినబడుతుంది. మీరే ఈమధ్య నోట్లో నోట్లో గొణుగుతున్నారు" అంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. వయసుతో వచ్చే వినికిడి లోపం చాలామందిలో సన్నటి శబ్దాల దగ్గర మొదలవుతుంది. బొంగురు శబ్దాలు చాలాకాలం బాగానే వినబడతాయి. మాటలో అచ్చులకి బలం ఎక్కువ. స, శ, త, క, ప లాంటి హల్లులు గాలి ఊదినట్టు బలహీనంగా ఉంటాయి. ముందు జారిపోయేవి అవే. మన తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగిసేవే కదా! అందుచేత అలాంటి చెవికి తాత, కాక, పాప అన్నీ "ఆ ఆ" లాగానే ఉంటాయి. ఇక ఆ ఖాళీలు పూరించుకోవాల్సింది బుర్ర. సీత పీత అవడానికి కారణం ఇదే.

మనం చేసే తప్పేమిటంటే అరవడం. అరిస్తే గట్టిపడేవి ముఖ్యంగా అచ్చులే, అంటే అమ్మకి ముందే వినబడుతున్నవి. పైగా పక్కవాళ్ళందరికీ, ఈవిడకి చెవుడని టముకు వేసినట్టవుతుంది.

"వినికిడి మిషను కొందామమ్మా" అన్నాను. "ఛ! చెవిటి ముసలిదంటారు. చచ్చినా పెట్టుకోను" అంది. మా తమ్ముడు ఇదివరకే రెండుసార్లు అడిగి తిట్లు తిన్నాట్ట.

నా జేబులో ఉన్నదే

ఆ రాత్రి నిద్రపట్టక ఇయర్‌బడ్స్ పెట్టుకుని పాటలు వింటున్నాను. అవి ఆపిల్ కంపెనీ వారి ఎయిర్‌పాడ్స్ ప్రో, రెండో తరానివి. కొని రెండేళ్ళయింది. వాటితో నేను చేసే పనులు రెండే: ఆఫీసు ఫోన్లు, పాత పాటలు. పెట్టెతో వచ్చిన కాగితం కూడా విప్పి చూసిన పాపాన పోలేదు. ఇవే ఇయర్‌బడ్స్ కొద్దిపాటి నుంచి ఒక మాదిరి వినికిడి లోపం ఉన్న పెద్దవాళ్ళకి వినికిడి సాధనంగా పనిచెయ్యడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో అనుమతి ఇచ్చిందని, ఆ అక్టోబరు ఆఖర్లో ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో అది వచ్చిందని ఎప్పుడో చదివి మర్చిపోయాను. మంచమ్మీద లేచి కూర్చున్నాను.

మీలో చాలామంది జేబుల్లో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి. ఏ కంపెనీవైనా సరే, వాటిలో ఏ సదుపాయం ఎందుకుందో తెలుసుకుంటే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. నేను తెలుసుకున్నంతలో చెబుతాను.

మొదటిది, చుట్టూ ఉన్న రొదని చంపేసే సదుపాయం. బయట ఉన్న మైకు రొదని పట్టుకుంటుంది. లోపలి చిప్పు దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే ధ్వని తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్ గారికి ఈ ఆలోచన 1978లో జ్యూరిక్ నుంచి వస్తూ విమానంలో తట్టింది. ఆయన తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వలస వెళ్ళినవారు. ఈ పద్ధతి విమానం ఇంజను, బస్సు, ఏ.సీ. లాంటి ఒకే తీరున సాగే రొద మీద బాగా పనిచేస్తుంది. పక్క సీట్లో చంటిపిల్లాడి ఏడుపు మీద అంత పనిచెయ్యదు. దేవుడు ఆ మాత్రం మానవత్వం మిగిల్చాడు మనకి!

రెండోది, దీనికి పూర్తిగా వ్యతిరేకం. బయటి శబ్దాన్ని మైకుతో పట్టుకుని లోపలికి పంపడం. ఆపిల్ వారు దీన్ని ట్రాన్స్‌పరెన్సీ అంటారు, సామ్‌సంగ్ వారు యాంబియెంట్ అంటారు. రోడ్డు మీద నడిచేటప్పుడు ఇది వేసుకోవాలి. వినికిడి సాయానికి పునాది కూడా ఇదే.

మూడోది, మనం నోరు విప్పగానే పాట దానంతట అదే తగ్గిపోవడం. కొట్టువాడితో మాట్లాడేటప్పుడు సుఖంగా ఉంటుంది. కాని నాలాగా పాటతోపాటు కూనిరాగం తీసే అలవాటుంటే, మీ రాగం మొదలవగానే అసలు గాయకుడి గొంతు తగ్గిపోతుంది! అలాంటివారు సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని ఆపెయ్యచ్చు.

నాలుగోది, ఎవరూ పట్టించుకోనిది: రబ్బరు తొడుగు. పెట్టెలో మూడు నాలుగు సైజులు ఇస్తారు. మనం ముందున్నదానితోనే సరిపెట్టేస్తాం. తొడుగు వదులైతే రొద లోపలికి వస్తుంది, పాటలో మృదంగం బయటికి పోతుంది. సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష కొన్నిటికి ఫోన్లోనే ఉంటుంది. రెండు చెవులకీ రెండు సైజులు పట్టడం వింతేమీ కాదు. నాకు కుడిచెవికి పెద్దది, ఎడమచెవికి మధ్యరకం అని రెండేళ్ళ తరవాత తెలిసింది.

ఇక, పాటలకి బావున్న ఇయర్‌బడ్స్ ఫోన్ మాట్లాడేటప్పుడు డొక్కు రేడియోలా ఎందుకుంటాయని అడుగుతారు. పాట ఒకవైపే ప్రయాణం. మాట్లాడేటప్పుడు మైకు కూడా ఆ బ్లూటూత్ దారిలోనే రావాలి. ఇరుకు వంతెన మీద రెండువైపుల బళ్ళు వచ్చినట్టు, పాత పద్ధతిలో ధ్వని నాణ్యత తగ్గుతుంది. కొత్త పరికరాల్లో ఇది మెరుగవుతోంది.

తెల్లవారుజామున పరీక్ష

మర్నాడు అమ్మ దగ్గర ఇయర్‌బడ్స్ పెట్టె తెరిచాను.

"ఏవిట్రా ఇవి? నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

"పువ్వు కాదమ్మా, మొగ్గ. ఇంగ్లీషులో వీటి పేరే చెవి మొగ్గలు."

"మనవడు పెట్టుకుని తిరిగేవేగా?" అని అటూ ఇటూ తిప్పి చూసింది. వినికిడి మిషనంటే ముసలితనం. ఇవి మాత్రం కాలేజీ కుర్రాడివి! అమ్మ ఒప్పుకోడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

వినికిడి పరీక్ష ఐదు నిమిషాల పని. ఇయర్‌బడ్స్‌లో సన్నగా చిన్నచిన్న కూతలు వస్తాయి, వినబడినప్పుడల్లా ఫోన్ తెర మీద తట్టాలి. కాని చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. పగలు యానాంలో నిశ్శబ్దమా! ఓసారి ఆటో, ఓసారి పక్కింటి మిక్సీ, ఓసారి చేపలావిడ కేక. రొద ఎక్కువగా ఉందని ఫోను పరీక్ష ఆపేసేది. ఆఖరికి తెల్లవారుజామున నాలుగింటికి, ఫ్యాను కూడా కట్టేసి, జూలై ఉక్కలో చెమటలు కక్కుతూ పూర్తిచేశాం. ఎడమ చెవి 42 డెసిబెల్స్, కుడి చెవి 46. అంటే ఒక మాదిరి లోపం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మనం మామూలుగా చెప్పుకునే మాటల్లో చాలా భాగం అమ్మదాకా పోవటం లేదన్నమాట. రెండేళ్ళుగా ఆవిడ మనందరి మాటల్లో ఖాళీలు పూరించుకుంటూ, అలిసిపోయి, చివరికి నవ్వి ఊరుకోవడం నేర్చుకుంది.

ఆ లెక్క ప్రకారం ఇయర్‌బడ్స్ సర్దుకున్నాయి. ఫ్యాను వేశాను. అమ్మ ఉలిక్కిపడింది. "ఇది ఇంత మోత చేస్తుందా?" చెయ్యి కదిపింది, గాజులు గలగలమన్నాయి. మళ్ళీ కదిపింది. ఇంకోసారి కదిపింది. ఏమీ అనలేదు. నేను ఫోన్ చూస్తున్నట్టు తలొంచుకున్నాను.

కాసేపటికి, "నా గొంతు నాకే కుండలోంచి వచ్చినట్టుందేవిట్రా?" అంది. చెవి మూసుకుని మాట్లాడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. నాలుగు రోజుల్లో అలవాటు పడింది. సెట్టింగుల్లో శబ్దం స్థాయి, కుడి ఎడమల తూకం, సన్నం బొంగురుల పాళ్ళు సర్దుకోవచ్చు. మొదటిరోజే పూర్తిగా పెంచెయ్యకండి. ఎన్నాళ్ళో విననివన్నీ ఒక్కసారి మీద పడితే ఎవరికైనా తలనెప్పి వస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి మాటని ముందుకి తెచ్చే సదుపాయం ఒకటుంది. భోజనాల దగ్గర అది వేశాం. చాలాకాలానికి అమ్మ మా అందరికంటే ఆలస్యంగా విస్తరి ముందు నుంచి లేచింది.

ఆ ఆదివారం అక్కకి ఫోన్ కలిపి ఇచ్చాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. పెట్టేశాక అక్క మళ్ళీ నాకు చేసి, ఏమీ మాట్లాడకుండా ఏడ్చింది. రెండేళ్ళు అమ్మ మీద అలిగినందుకు.

గోదారి గాలి, ఇంకొన్ని చిక్కులు

అన్నీ బాగున్నాయని చెబితే అది నిజంగా మీ చెవిలో పువ్వు పెట్టినట్టవుతుంది. సాయంత్రం అమ్మని రాజీవ్ బీచికి తీసుకెళ్ళాను. గోదారి గాలి మైకుల్లో కొట్టి హోరున మోత. "తీసెయ్, సముద్రం చెవిలోకొచ్చేసింది" అంది. నిజమే, గాలి వీటికి పడదు. రెండు, ఛార్జింగు. నా దగ్గరున్న రకం ఒక విడతకి 6 గంటలే. 2025 సెప్టెంబరులో వచ్చిన మూడో తరం రకం వినికిడి సాయానికి 10 గంటల దాకా వస్తుందని కంపెనీవారి మాట. మూడు, ఈ పరీక్షకీ సర్దుబాటుకీ అదే కంపెనీ ఫోనో ఐప్యాడో కావాలి. మా వాడి పాత ఐఫోన్ అమ్మ దగ్గర వదిలి వచ్చాను. నాలుగు, ఈ సదుపాయం అన్ని దేశాల్లోనూ ఒకేసారి రాలేదు. 2024లో ఇంకా భారతదేశంలో లేనప్పుడు, బెంగుళూరులో ముగ్గురు కుర్రాళ్ళు తమ అమ్మమ్మల కోసం, ఫోను ఏ దేశంలో ఉందో దానికి తెలియకుండా రేకులూ మైక్రోవేవ్ ఓవెనూ కూర్చి బోను తయారుచేసి మరీ పనిచేయించారు. పత్రికల్లో పడింది. ఆ తరవాత దేశాల జాబితా పెరుగుతూ వచ్చింది. మీరుండే దేశం అందులో ఉందో లేదో కొనే ముందే చూసుకోండి.

ఆండ్రాయిడ్ ఫోనున్నవారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. గూగుల్ వారి సౌండ్ ఆంప్లిఫయర్ అనే యాప్ మామూలు ఇయర్‌ఫోన్స్‌తోనే చుట్టూ ఉన్న మాటని పెంచి వినిపిస్తుంది. లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే ఇంకొకటి, ఎదుటివాళ్ళ మాటని తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది.

మా పక్కింటి తాతగారు ఫ్రెంచి పింఛను పుచ్చుకుంటారు. ఆయన మనవలు పుట్టి పెరిగింది ఫ్రాన్స్‌లో. "బాబూ, వాళ్ళు ఫ్రెంచిలో మాట్లాడితే మా ఆవిడకి తెలుగులో వినబడే మొగ్గలు లేవా?" అని అడిగారు. నేను తిరిగొచ్చాక, 2025 సెప్టెంబరులో, ఎయిర్‌పాడ్స్‌కి అప్పటికప్పుడు అనువదించే సదుపాయం వచ్చింది. మొదటి విడతలో ఫ్రెంచి ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగు లేదు. మామ్మగారు మరికొంత కాలం ఆగాలి. ఈలోపు మనవలు తెలుగు నేర్చుకుంటే అంతకంటే మంచిది.

ముందు డాక్టరు, తరవాతే మొగ్గ

ఇయర్‌బడ్స్ డాక్టరు కాదు. వినికిడి ఉన్నట్టుండి తగ్గినా, ఒక్క చెవికే తగ్గినా, చీము కారినా, నొప్పి ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా ఫోన్లో పరీక్షలు చేస్తూ కూర్చోకూడదు. వెంటనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒక్కోసారి గులిమి గడ్డకట్టడమే మొత్తం జబ్బు కావచ్చు. లోపం ఎక్కువగా ఉన్నవారికి, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఈ సాధనం పనికిరాదు. ఇయర్‌బడ్స్ జాలీలో గులిమి పేరుకుంటే శబ్దం తగ్గుతుంది. పొడి మెత్తటి బ్రష్‌తో తుడవాలి, నీళ్ళలో ముంచకూడదు.

అలాగని "వయసొచ్చింది, మామూలే" అని వదిలెయ్యకూడదు. మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో, మన చేతిలో ఉన్నవాటిని లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో 14 అని లెక్కగట్టింది. వినికిడి లోపం వాటిలో ఒకటి.

పిల్లలకీ ఒక మాట. ఇదే ఇయర్‌బడ్స్ చెవిని బాగుచెయ్యనూ గలవు, పాడుచెయ్యనూ గలవు. వారానికి 40 గంటలు వినేటట్టయితే పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్, పిల్లలకి 75 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. చాలా ఫోన్లలో ఈ హద్దు పెట్టెయ్యచ్చు. ఇవాళే పెట్టండి. చుట్టుపక్కల రొద తగ్గించే సదుపాయానికి అసలు ప్రయోజనం ఇక్కడే: రొద తగ్గితే పాట పెంచాల్సిన పని ఉండదు.

పీతలు కాదు, సీతే

తిరుగు ప్రయాణానికి వారం ముందు అమ్మే అంది, "ఒరేయ్, ఇవి మాటిమాటికీ డొక్కెండిపోతున్నాయి. రోజంతా ఉండేవి లేవా?" నేను ఆ మాట కోసమే కాచుకున్నాను. కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టరుగారు చెవులు చూశారు, వినికిడి పరీక్ష చేశారు. లెక్కలు మా తెల్లవారుజాము లెక్కలకి దగ్గరగానే వచ్చాయి. రోజంతా పెట్టుకునే అసలైన వినికిడి సాధనాలు తీసుకున్నాం. చచ్చినా పెట్టుకోనన్న మనిషి అద్దంలో చూసుకుని, "జుట్టు కప్పితే కనబడట్లేదులే" అంది. మొగ్గలు కూడా వదల్లేదు. ఫోన్లకీ, పాటలకీ, హరికథలకీ అవి. ఫోనుని హరికథ చెప్పేవారి దగ్గర పెట్టి, వెనక వరసలో కూర్చుని ఇయర్‌బడ్స్‌లో వినే సదుపాయం కూడా ఉంది. మా తమ్ముడు దాసుగారిని అడిగి ఆయన పక్కనే ఫోను పెట్టి వచ్చాడు.

నేను బయల్దేరే రోజు పొద్దున్న చేపలావిడ వచ్చింది. ధర చెప్పింది. అమ్మ రెండోసారి చెప్పించుకోలేదు. నడుమ్మీద చెయ్యేసుకుని, "ఏవిటీ? ఇది పులసా, బంగారపు కడ్డీయా?" అని మొదలెట్టింది. అరగంట పట్టింది. ఆఖరికి చేపలావిడ నావైపు తిరిగి, "ఆయ్, మీరు అమెరికా నుంచొచ్చి నా బేరం పాడుచేశారు బాబూ!" అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనం తేలిగ్గా అనేస్తాం. శంఖం వినబడక కాదు మా అమ్మ ఒంటరిదైంది, పక్కన కూర్చున్న మనిషి మాట తెలియక. లోకాన్ని బయట ఉంచడానికి మనం కొనుక్కున్న వస్తువే లోకాన్ని లోపలికి తేగలదని నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్ళు "సరేలే, ఉంటాను" అని త్వరగా పెట్టేస్తే, అలగకండి. ఒక్కసారి నెమ్మదిగా అడగండి, "అమ్మా, నా మాట తెలుస్తోందా?" అని.